పొట్లం కాగితం

హొనొలులులో, రాజభవనం మెట్ల దగ్గర
బూట్ల మీద గుడ్డ సంచులు తొడుక్కోమన్నారు.
"పాత కర్ర నేల, గీతలు పడతాయి" అంది లేనాలా,
డెబ్బై దాటిన వలంటీరు,
చెవి వెనక తెల్లపువ్వు.
అంతే, పాతిక మందిమి ఒక్కసారిగా
పిల్లులమైపోయాం.

సింహాసనాల గది నిండా ఎరుపు.
వైట్‌హౌస్ కంటే ముందే ఇక్కడ కరెంటు దీపాలు వెలిగాయట.
నా ముందున్నాయన వెంటనే స్విచ్చిని ఫొటో తీసుకున్నాడు.

మేడ మీద మూలగదిలో మాత్రం
చూడ్డానికి ఏమంత లేదు,
గాజు పెట్టెలో ఒక బొంత.

రాజ్యం పోయాక రాణిని బంధించింది ఇక్కడే,
ఆమె ఇంట్లోనే,
దాదాపు ఎనిమిది నెలలు.
పట్టు పీలికలు, రిబ్బను ముక్కలు,
నడిమధ్యన బందీ అయిన తారీఖు.
చేతికుట్టు సంగతి నాకు తెలుసు.
కోపంగా కుడితే దారం బిగుస్తుంది, బట్ట ముడతపడుతుంది.
గాజుకి ముక్కు ఆనించి వెతికాను.
నాకైతే ఒక్క ముడతా దొరకలేదు.

"గొళ్ళెం లోపలుండేదా, బయటుండేదా?"
మా తుషార అడిగింది, ఏడేళ్ళది.
లేనాలా వంగి దాని కాలి సంచి అంచు సరిచేసింది.
"మంచి ప్రశ్న" అంది,
జవాబు చెప్పలేదు.

ఆ గదిలోకి పేపర్లు రానిచ్చేవారు కాదు.
పూలు మాత్రం వచ్చేవి,
ఆమె తోటలోవే,
పాత పేపర్లో చుట్టి.
పూలు కూజాలో పెట్టి
తడికాగితం మడతలు విప్పి చదువుకునేదట.

అక్కడే నిలబడిపోయాను.
తెనాలిలో బజ్జీలు అయిపోయాక
నూనె పొట్లం విప్పి చదివేదాన్ని నేను.
హత్య ఒక పొట్లంలో,
హంతకుడు ఇంకెవరి పొట్లంలోనో.
ఆమెకూ దేశం అలాగే అందేదేమో,
అంచు చిరిగి,
అంటుకున్న పూరేకు కింద
ఒక పేరు సగం కనబడి.

మధ్యాహ్నం కొండ సొరంగం దాటి హెయియా.
సముద్రానికి రాతిగోడ కట్టి
పూర్వం దొరల కోసం చేపలు పెంచిన మడుగు.
తూముకి కర్రల తడిక.
వేలెడేసి పిల్లచేపలు సందుల్లోంచి దూరతాయి,
తింటాయి, బలుస్తాయి,
ఇక బయటపడలేవు.
మోకాలి లోతు బురదలో నాచు లాగుతున్న కుర్రాడు చెప్పాడు.

చెరకు వేస్తామని వచ్చినవాళ్ళూ
మొదట వేలెడేసే ఉండుంటారు.
బలిసింది వాళ్ళు,
తడిక బిగిసింది మాత్రం ఇంటివాళ్ళ మీద.
పైకి అనబోయాను.
ఫ్లాస్కులో టీ తియ్యగా తగిలింది నాలిక్కి.
ఊరుకున్నాను.

"లావైపోయానని చేపకి ఎప్పుడు తెలుస్తుంది?"
అంది తుషార, నీళ్ళలోంచి తల తిప్పకుండా.

తిరుగు ప్రయాణంలో, ఎయిర్‌పోర్టులో
పూలదండ ఒకటి కొన్నాను.
ప్లాస్టిక్ పెట్టెలో పెట్టిచ్చింది అమ్మాయి.
అటు తిప్పాను, ఇటు తిప్పాను.
అన్ని వైపుల నుంచీ పూలే.
చదవడానికి ఏమీ లేదు.