ఆటలో అరటిపండు

సొహార్‌లో పొద్దున్న ఏడున్నరకే
మెట్ల పక్క ఇనుప కమ్మీ చురుక్కుమంటుంది.
ఇరవై రెండు జతల చెప్పులు విప్పించి
వరసపెట్టడంతో మా లెక్కల పాఠం మొదలు.
ఏ కాలి చెప్పు ఆ కాలికి దొరకడం
చిన్న లెక్కేం కాదు.

ఏసీ కింద ఇసుక తొట్టి.
బయట ఊరంతా ఇసుకే అయినా
దీనికి రసీదు రాయించి కొన్నాం. నవ్వకండి,
జల్లించి కడిగిన ఇసుక.
షంసా అందులో ఖర్జూరం గింజలు నాటి
రేపటికల్లా చెట్టు రావాలని గడువు పెట్టింది.
రాలేదు. మర్నాడు తవ్వి తీసి
ఒక్కో గింజనీ చెవి దగ్గర పెట్టుకుని వింది.
నేనేమీ చెప్పలేదు. నోరు మూసుకోవడం
ఈ ఉద్యోగంలో నాకు అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చిన విద్య.

మూల మీద దుకాణం.
ఖాళీ లబన్ సీసాలు, టూనా డబ్బాలు,
ఎవరింట్లోంచో వచ్చిన కందిపప్పు సంచీ.
కొట్టువాడు నివేద్. బేరం మలయాళంలో, అంకెలు అరబ్బీలో,
డబ్బులు గులకరాళ్ళు.
అయిదు రాళ్ళిస్తే రెండు తిరిగివ్వాలని
వాడికెవరు చెప్పారో తెలీదు.
తగాదా చెప్పి ఉంటుంది.

మేదిని మాత్రం
చేరి ఆరు వారాలైనా నోరు విప్పలేదు.
పిల్లలు దాన్ని వదిలేయలేదు, లెక్కలోకీ తీసుకోలేదు.
పట్టుకున్నా అవుట్ కాదు, పరిగెత్తినా గెలుపు లేదు.
ముగ్గురక్కల వెనక
తొక్కుడు బిళ్ళ గళ్ళకి అవతల
నేనూ ఒకప్పుడు అలాంటి అరటిపండునే.
అందుకే తెలుసు, అరటిపండు అన్నీ చూస్తుంది.

గురువారం వాళ్ళ నాన్న వచ్చాడు.
నర్సింగం, రిఫైనరీలో పరంజా మేస్త్రి.
షట్‌డౌన్ రాత్రి డ్యూటీ దిగి, నీలం డాంగ్రీతోనే,
కనుబొమల మీద తెల్ల దుమ్ముతోనే.
"టీచరమ్మా, ఏమనుకోకుండ్రి.
నోటుబుక్కు తెల్లగనే ఉన్నది.
అ రాదు, ఏబీసీడీ రాదు.
నెలకు ముప్పై అయిదు రియాళ్లు కడుతున్న.
పొద్దంత ఆటలే ఆడిపిస్తమంటే
ఇంట్లనే ఆడుతుండె గద."

జవాబు నా దగ్గరుంది. శిక్షణలో ఇచ్చిన కాగితం,
మూడు రంగుల్లో. సొరుగు లాగబోయాను.
ఈలోగా ఆయన చోటు వెతుక్కుని
పిల్లల కుర్చీలో కూర్చున్నాడు.
మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి.

ఎదురుగా మేదిని, చెక్క దిమ్మెలు.
నాలుగోది పెట్టగానే కూలింది.
మళ్ళీ పెట్టింది. కూలింది. ఏడవలేదు.
ఆయన చెయ్యి దానంతటదే లేచింది.
నేను తల అడ్డంగా ఊపాను.
ఇరవై ఏళ్ళు గొట్టాలు బిగించిన చెయ్యిని
ఒళ్ళో పెట్టుకు కూర్చోవడం ఎంత కష్టమో
ఆయన మెడ నరం చెప్పింది.

అయిదోసారి దిమ్మెలన్నీ పక్కకు తోసేసి
అడుగున రెండు, ఎడంగా ఇంకో రెండు,
వాటి మీద అడ్డంగా ఒక స్కేలు.
కదుల్తుందేమోనని
బొటనవేలితో నొక్కి చూసింది.

"గా నొక్కి చూసుడు..." అన్నాడు నర్సింగం, గొంతు దించి.
"నేనెన్నడు చెప్పలె.
మొన్న మంచం బిగిస్తుంటె చూసిందా ఏంది!"

పదకొండు దిమ్మెలు నిలబడ్డాయి.
షంసా గింజలొదిలి వచ్చింది.
నివేద్ అప్పులు రద్దుచేసి కొట్టు కట్టేశాడు.
షంసా పన్నెండోది పెట్టబోతే
మేదిని దాని మణికట్టు పట్టుకుంది.
"ఆగు."
షంసాకి తెలుగు రాదు.
ఆగింది.

"నేనొకటి పెట్టాల్నా, బిడ్డా?"
నాన్న వైపు చూడకుండానే
మేదిని తల అడ్డంగా ఊపింది, అచ్చం నాలాగే.
ఆ పూట ఆ గదిలో అరటిపళ్ళం
మేమిద్దరమే.

ఫీజు సంగతి ఆదివారం మళ్ళీ అడిగాడు.
ఈసారి తిన్నగా వెళ్ళి
ఆ చిన్న కుర్చీలో కూర్చున్నాక.