చెకింగ్

హొసూరు రోడ్డు మీద ఆసుపత్రి,
దాని వెనక సందులో మా అద్దె గది.
గుమ్మం బయట నా చెప్పులు,
గుమ్మం లోపల మోచేతుల దాకా సబ్బు.

ఈరోజు తొంభై ఎనిమిది.
క్యాలెండర్లో ఆయన కొట్టేసిన గీతలు
చింపిన టికెట్ల మాదిరి ఉంటాయి.
హిందూపురం డిపోలో పదహారేళ్ళ కండక్టరు,
వెయ్యి చేతుల చెమట చిల్లర
తోలుసంచిలో మోసిన మనిషి.
ఇప్పుడు నా చెయ్యి కూడా
అడిగి ముట్టుకోవాలి.

"చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందా?"
కన్నడం కలిసిన తెలుగులో అడిగాడు డాక్టరు.
పోసింది. ఏడో ఏట.
వేపమండల మీద పడుకోబెట్టి
తాలింపు లేని కూడు పెట్టి
తొమ్మిదో నాడు తలకు పోసి
పెరుగన్నంతో పొలిమేర దాకా సాగనంపింది మా అత్త.

పోలేదంట.
వెన్నుపూస పక్క నరం మొదట్లో
ముడుచుకుని కూచుందంట ముప్పై నాలుగేళ్ళుగా.
ఒంట్లో కాపలా ఉన్నన్నాళ్ళూ కిమ్మనలేదు.
మందులతో ఆ కాపలానే కదా కడిగేసింది,
ఇప్పుడు లేస్తే నిప్పు.

ఈయన నవ్వాడు, పగిలిన పెదాలతో.
"ఎక్కిందే గానీ దిగలేదన్నమాట.
టికెట్టు లేని గిరాకీ."
అప్పట్నించీ ఆ తెల్ల మాత్ర పేరు చెకింగ్.
పొద్దున ఒకటి, రాత్రి ఒకటి.

ఇంకొకటుంది, మూడు ఇంగ్లీషు అక్షరాలది.
సోమవారం సోమవారం నెత్తురు తీసి
దాన్ని లెక్కపెడతారు.
రిపోర్టు వచ్చేదాకా
తోమిన గిన్నెలే తోముతా.
ఒకసారి నాలుగొందల పన్నెండని వచ్చింది.
ఆ రాత్రి ఆఖరి మెట్రో పోవడం,
తెల్లారి మొదటిది రావడం
రెండూ విన్నాను.

మూలకణాలు చౌడేశ్వరివి.
అన్న నెత్తురు గుంపు మారి చెల్లెలిదయింది.
చిన్నప్పుడు ఏడ్చి వేయించుకున్న సూదులేవీ
కొత్త నెత్తురుకి గుర్తుండవంట.
నలభై ఒకటో ఏట
పసిపిల్లల వరసలో మళ్ళీ భుజం చాపాలి.

చిన్నది మాత్రం ఇప్పుడే రాకూడదు.
వాళ్ళ క్లాసులో ముగ్గురికి ఆటలమ్మ.
ఫోన్లో గౌను ఎత్తి పొట్ట చూపిస్తుంది,
"నాకేం పోయలేదు నాన్నా, చూడు."
ఒక్కో చోటా వేలు పెట్టి చూస్తాడు
స్పిరిట్టుతో తుడిచిన అద్దం మీద.
దోమకాటు దగ్గర కాసేపు ఆగుతాడు.

"ఇరవై ఒక్క రోజులు గడవనీ.
నీకు కిటికీ పక్క సీటు."
"మరి నీ లోపలున్న ఆమెకో?"
"పడుకోనీలే.
లేపకుండా పోదాం."

తొమ్మిదయింది.
కాచి చల్లార్చిన నీళ్ళు గ్లాసులో పోశాను.
చెయ్యి చాపాడు.