కమాను పట్టీ

వెనక హుక్కుకి చెడిపోయిన కారు తగిలించగానే
నా బొలెరో గొంతుక్కూర్చుంటుంది.
ముందు చక్రాలు రోడ్డుని అంటీ అంటకుండా పట్టుకుంటాయి.
హెడ్‌లైట్లు దారినొదిలేసి
బెంజి సర్కిల్ మీద నగల హోర్డింగులో
పెళ్లికూతురి ముక్కుపుడక వెతుకుతాయి.
ఎదురొచ్చే లారీవాడు
మా అమ్మని తలుచుకుని మరీ పోతాడు.

"ఎత్తించెయ్ బాబాయ్" అన్నాడు క్లీనరు యోబు.

ఆటోనగర్ మెయిన్‌రోడ్డు మీద అద్దాల షాపు.
ఏసీలో కూర్చోబెట్టి నిమ్మసోడా తెప్పించారు.
ముందూ వెనకా మూడంగుళాలు, నలభై ఎనిమిది వేలు,
జీఎస్టీ వేరే.
ఫొటోలో బండి కొండెక్కుతోంది.
నేనెక్కేది వారధి, దిగేది గొల్లపూడి.
వాళ్ల సోడా తాగేశాక
కుర్చీలోంచి లేవడం ఎంత కష్టమో!

లోపలి వీధిలో ఇనప దిమ్మెలు.
ఇరుసుకీ కట్టకీ మధ్య పెట్టి
యూ బోల్టులు బిగిస్తే ఆరున్నర వేలకి ఎత్తు.
"మరి బలం?" అన్నాను.
"ఎత్తు" అన్నాడు మళ్లీ.

వీధి చివర కొలిమి. నాగుల్ మీరా.
బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకుని
బండి కిందకి దూరాడు.
చాలాసేపు కాళ్లే కనిపించాయి.
ఒక చెప్పుకి పిన్నీసు.
అక్కణ్ణుంచే అడిగాడు:
"నీకు ఎత్తు కావాలా, కుంగకుండటం కావాలా?"

రెండూ ఒకటేననుకునే
భవానీపురం నుంచి ఇంతదూరం వచ్చాను.

"ముందు లేపితే మళ్లీ చుక్కలే చూస్తది.
వెనక మరీ లేపితే హుక్కు పైకి పోద్ది,
లాగే బండి తోక ఊపుద్ది.
పక్కకో పట్టీ. హుక్కు రెండంగుళాలు కిందకి.
ఇంతే."

తుక్కు గుట్టలో ఒక్కొక్కటీ సుత్తితో తట్టి విన్నాడు.
టప్పుమన్నవి పక్కకి విసిరాడు,
ఖంగుమన్న రెండూ ఒళ్లో పెట్టుకున్నాడు.
ఏదో బస్సువి.
ఎన్ని ఊళ్ల జనాన్ని మోశాయో అని నేను మొదలెట్టేలోపు
"కిలో నూటపది" అన్నాడు.

యోబు బ్లోయరు తిప్పాడు.
పట్టీ దానిమ్మ గింజ రంగుకొచ్చింది,
సమ్మెట కింద వంగింది,
నూనెలో మునిగి బుస కొట్టింది.
బుష్‌లతో కలిపి నాలుగువేల రెండొందలు.
రెండొందలు తగ్గించమన్నాను.
"ఏ బోల్టు తీసెయ్యమంటావు?" అన్నాడు
నిజంగానే స్పానరు పట్టుకుని.

ఆ రాత్రే మంగళగిరి నుంచి ఫోను, ఇన్నోవా.
లాక్కుంటూ వారధి ఎక్కాను.
వెలుగు బుద్ధిగా రోడ్డు మీదే పడింది:
అతుకులు, ఎవరిదో ఒంటి చెప్పు,
డివైడరు పక్కన పడుకున్న కుక్క చెవి.
ఎదురు లారీ హారను కొట్టకుండా పోయింది.
బెంజి సర్కిల్లో పెళ్లికూతురు మాత్రం
మొదటిసారి నా వైపు తిరిగినట్టు లేదు.

తిరుగుదారిలో ఖాళీ బండి.
గుంతకో గంతు.
యోబు తల టాపుకి రెండుసార్లు తగిలింది.
నా నడుం పేరెత్తకండి.

పొద్దున్నే ట్రక్కులో రెండు ఇసక బస్తాలు వేస్తుంటే
విమల బ్రష్షు నోట్లోంచి తీసి అంది:
"బరువాగట్లేదని నాలుగువేలు పోశావు.
ఇప్పుడు బరువు మోసుకొస్తున్నావా?"

జవాబు దొరక్క తాళం తిప్పాను.
ఒక బస్తాకి చిల్లున్నట్టుంది.
మా గుమ్మం నుంచి సందు మలుపు దాకా
సన్నగా, వంకర్లు లేకుండా
ఇసక గీత.