అట్టముక్క మీద వేగం

మూడు వారాలుగా మా భోజనాల బల్ల మీద
భోజనానికి చోటు లేదు.
మోటారు చక్రం వచ్చింది, బ్యాటరీ వచ్చింది,
తీగలు వానపాముల్లా బల్లంతా పాకాయి.
రానిది ఒక్కటే, హ్యాండిల్ మీద పెట్టే తెర.
రాలేదంటే దారిలో ఉందని కాదు.
ఏది తెప్పించాలో ఆర్విద్ ఇంకా తేల్చుకోలేదు.

ఆర్విద్ పొగగొట్టాలు తుడుస్తాడు.
బెర్గెన్ కొండవాలున ఉన్న చెక్క ఇళ్ళన్నిటికీ
లోపలి గొంతు ఎలా ఉంటుందో అతని బ్రష్షుకి తెలుసు.
ముప్ఫై ఒక్క ఏళ్ళు నిచ్చెన మోసిన మోకాళ్ళు
ఈ చలికాలం మొరాయించాయి.
అందుకని సైకిలుకి కరెంటు.

"పెద్దది రంగుల తెర," అన్నాడు సూపు చల్లారబెట్టుకుంటూ.
"వేగం, దూరం, ఎన్ని వాట్లు తాగుతోందో,
బ్యాటరీ ఎంత మిగిలిందో, అన్నీ అంకెల్లో."
"వేలితో తాకాలా?"
"తాకాలి."
అతని వేళ్ళకేసి చూశాను.
గోళ్ళ చుట్టూ మసి,
పెళ్ళిరోజు కూడా పూర్తిగా వదలని మసి.
నేను తప్ప ఆ వేలిని గుర్తుపట్టే అద్దం ఎక్కడుంది?
పెద్దది కొట్టేశాడు.

బొత్తాలున్న చిన్నదైతే గ్లవుజులతోనూ నొక్కొచ్చు.
కానీ దాని ప్లగ్గుకి ఆరు ముళ్ళు,
మా పెట్టెకి ఐదే రంధ్రాలు.
ఇంకోదాని పట్టీ సన్నగొట్టానికి చేసింది, మా హ్యాండిలేమో లావు.
మరొకటి అన్నిటికీ సరిపోయింది,
వానకి పనికిరాదట.
ఈ ఊళ్ళో వానకి పనికిరానిది
దేనికి పనికొస్తుంది?

నేను ఊలు దుకాణంలో కుట్లు లెక్కపెట్టి బతికేదాన్ని.
అంకెలతో నాకు తగువు లేదు.
అయినా అడిగాను:
"రోజూ ఎక్కే కొండే కదా,
ఎంత ఎక్కావో కాళ్ళు చెప్పవా?"
"చెప్తాయి," అన్నాడు.
"నిజమే చెప్తాయి. అదే బాధ."

ఆదివారం కత్తెర తీసుకుని
బిస్కెట్ల పెట్టెని తెర కొలతలకి కత్తిరించాడు.
ఒక ముక్క హ్యాండిల్ నడిమధ్య,
ఒకటి ఎడమ పిడి పక్కన, బొటనవేలికి అందేట్టు.
గంట అటు జరిగింది. దీపం కిందికి దిగింది.
సందులో పైకీ కిందికీ తొక్కుతూ
అట్టముక్క వంకే చూస్తాడు, దారి చూడడు.
కింది ఇంటి బోర్గ్‌హిల్ కిటికీ తీసి
"టైమెంతైంది దాంట్లో?" అని అరిచింది.
సిగ్గుతో లోపలికి పోబోయి ఆగాను.
కందకు లేని దురద కత్తిపీటకెందుకు?
పెన్సిల్ పట్టుకుని బయటికొచ్చి
ఆ అట్ట మీద నేనే రాశాను:
వేగం, చాలు.
బ్యాటరీ, ఇల్లు చేరేదాకా.

గురువారం రాత్రి ఫోను.
లోయకి అవతలి కొండ మీద ఎవరో ముసలాయన,
పొయ్యి పొగ బయటికి పోక గదిలోకే తిరుగుతోందట.
కిటికీలు తెరుచుకుని
కోటు తొడుక్కుని కూర్చున్నాడట.
ఆర్విద్ ఒక్క మాట మాట్లాడలేదు.
తెరకి వెళ్ళాల్సిన తీగల్లో రెండింటిని కలిపి మెలిపెట్టి
నల్లటేపు చుట్టాడు.
చక్రం నిద్రలో మూలిగినట్టు మూలిగింది.
బ్రష్షులు వీపున కట్టుకుని
వానలోకి వెళ్ళిపోయాడు,
ముందర అట్టముక్కతో.

పదకొండింటికి మెట్ల మీద చప్పుడు.
తొక్కుకుంటూ రాలేదు, తోసుకుంటూ వచ్చాడు.
మసి, వాన కలిసి మొహమంతా చారలు.
"వంతెన దాటగానే ఆగిపోయింది," అన్నాడు.
"నీ లెక్క తప్పు."
"ముసలాయన?"
"కాకి గూడు. చలిమంట వేసుకునేన్ని పుల్లలు.
కాఫీ ఇచ్చాడు. రెండుసార్లు."

తడి కోటు విప్పకుండానే కూర్చుని
బొత్తాల చిన్నది తెప్పించాడు,
ఆరుని ఐదు చేసే తీగముక్కతో సహా.
అంకెలుండవు, ఐదు గీతలు మాత్రం.
ఐదు ఎందుకని నేను అడగలేదు.

అట్టముక్క పొయ్యి పక్కన ఆరుతోంది.
బిస్కెట్ల బొమ్మ వానకి కరిగిపోయింది గానీ
నా రాత చెరగలేదు.
పెన్సిల్ కదా.