పేరు రాసే చోట

వేలూరు బస్సు దిగే మనుషుల్లో
కొందరిని నేను చేతులు చూసి గుర్తుపడతా.
వేళ్ళ సందుల్లో ఎండిన జిగురు,
గోళ్ళ కింద తోలు నలుపు.
ఆంబూరు చెప్పుల ఫ్యాక్టరీ.
అంగడి ముందర రెండుసార్లు అటూ ఇటూ పోయి
మూడోసారి, శెట్టి భోజనానికి లేచినాక
మెట్టెక్కుతారు.

ఆ పిల్లా అంతే.
"అక్కా, ఇరుక్కా?"
ఏమి ఉందా అని చెప్పలా.
తెలుగులో గానీ అరవంలో గానీ
దానికింకా పేరు పెట్టుకోలా మనం.
అది. ఆ మాత్ర. ఒక్కటే ఉంటాదే, అది.
ఒకామె వేలు చూపిస్తాది.
ఒకడు ఫోనులో బొమ్మ చూపించి
మొహం రోడ్డు వైపు తిప్పుకుంటాడు.

"మీ ఊర్లో దొరకదా?"
"అడిగితే లేదంటారక్కా.
లేదని చెప్పి, మా మామకు ఫోను చేస్తారు."

ఎప్పుడు అని అడగాల. అది నా పని.
శనివారం రాత్రి పది, అనింది.
ఆదివారం అంగడి మూత.
సోమవారం సూపర్‌వైజరు లీవు ఇయ్యలా.
ఈ పొద్దు కాట్పాడి కాడ బస్సు చెడిపోయి
ముప్పావుగంట ఎండలో.
చీటీ వెనకాల కూడినా:
అరవై మూడు గంటలు.
డెబ్బై రెండుకు ఇంకా తొమ్మిది ఉండాది.
"నూటికి నూరు కాదు పాపా" అని కూడా చెప్పినా.
"నెల తప్పితే ఆస్పత్రికి పో, ఆడ దాచొద్దు."

గ్రైప్‌వాటర్ సీసాల వెనకాల పెట్టుంటా డబ్బా.
ఎదురుగా ఉంటే శెట్టికి పడదు.
బేరం పోతే పోనీ, పేరు పోకూడదంటాడు.
అంగడి ఆయనది.
గోడ మీద అద్దంలో ఉండే సర్టిఫికెట్టు నాది.
ఇరవై ఏడేండ్లుగా దాని దుమ్ము నేనే తుడస్తా ఉండా.

ఒక్కసారి ఆయన మాట విని లేదన్నా.
గంగాసాగరం నుంచి వచ్చినామె.
నాలుగు నెలలకు మళ్ళా వచ్చింది
ఐరన్ మాత్రలకు.
చిల్లర లెక్కబెట్టి ఇచ్చింది.
ఏమీ అనలా.
అననిది ఇంకా నా చెవిలో ఉండాది.

ఈ పిల్ల నా బాటిల్లో నీళ్ళతోనే మింగేసింది.
"బస్సులో వాంతి అయితే?"
రెండు గంటల్లోపల అయితే
ఇంకోటి వేసుకోవాల.
ఇంకోదానికి దుడ్లు లేవని
పర్సు మూసిన తీరులోనే తెలిసిపోయింది.
కూకో, అన్నా.
ఫ్యాను కింద, ఓఆర్ఎస్ అట్టపెట్టె మీద,
ఒంటిగంట నుంచి మూడు దాకా.
గుజ్జు ఫ్యాక్టరీకి తోతాపురి ట్రాక్టర్లు పోతా ఉంటే
ఒకటి, రెండు, మూణు, అని లెక్కబెట్టింది.
నలభై ఒకటి కాడ నిద్దరపోయింది.

శెట్టి వచ్చి ఎవరన్నాడు.
మా చిన్నమ్మ కూతురన్నా.
నా నోటికి ఎప్పుడూ
అంత బిరీన చుట్టరికం తగల్లేదు.

బిల్లు పుస్తకం మాత్రం శెట్టి రూలు:
పేరు లేకుండా ఒక్క మాత్రా పోకూడదు.
పేరు రాసే చోట
నా పేరే రాస్తా.
ఎస్. అముదవల్లి, గిరింపేట.

నెలాఖరున లెక్కలు చూస్తా చూస్తా
ఒక పేజీ కాడ ఆగినాడు.
వెనక్కి తిప్పినాడు. ముందుకు తిప్పినాడు.
పదకొండుసార్లు అముదవల్లి.
కండ్లజోడు తీసి పంచెకొంగుతో తుడిచి
మళ్ళా పెట్టుకుని చూసినాడు,
పుస్తకాన్ని కాదు, నన్ను.
యాభై నాలుగేండ్ల దాన్ని,
జడలో సగం తెలుపు,
మొగుడు పోయి తొమ్మిదేండ్లు.

నేను తల దించలా.
గోడ గడియారం ఒక్కటే ఏదో చెప్తా ఉండింది.
రొంతసేపటికి పెన్సిలు చెవి మీద నుంచి తీసి
"పదకొండుకూ దుడ్లు వచ్చినాయా?" అన్నాడు.

తొమ్మిదికి వచ్చినాయి శెట్టీ,
రెండు నా జీతంలో కోసుకో.