ఖాళీ బండి తూకం

బంగారుపాళ్యం మండీ బయట, కాటా గదిలో కూర్చుని
తోతాపురి లారీలకు చీటీలు రాస్తాను.
నిండు బండి ఎక్కుతుంది, ఒక అంకె.
ఖాళీ అయి తిరిగొస్తుంది, ఇంకో అంకె.
తీసేస్తే మిగిలిందే కాయ.
పద్నాలుగేళ్ళుగా నాకు గట్టిగా తెలిసిన లెక్క ఇదొక్కటే.

నొప్పికి మాత్రం కాటా లేదు.

ముందు ఆవులింతలు, ఊరికే చిరాకు.
చీటీ మీద ఏడు అంకెకు తోక మాయమవుతుంది.
కంటి అంచున రంపపు పళ్ళలాంటి వెలుగొకటి
మెల్లగా పాకుతుంది.
తరువాత ఎడమ కణత లోపల ఎవరో చేరి
రోకలి ఎత్తి వేస్తుంటారు, నాడితో పాటే.
లారీ హెడ్‌లైటు ఒక పోటు. హారన్ ఇంకో పోటు.
మగ్గిన కాయ వాసన, ఊరందరికీ నోరూరించేది,
నన్ను గోడ వెనక్కి తరుముతుంది
కక్కుకోవడానికి.

"పని ఎగ్గొట్టాలంటే తల గుర్తొస్తాది నీకు మేయ్"
అంటాడు మేస్త్రీ కుప్పుస్వామి.
అత్త శొంఠి అరగదీసి పట్టు వేసింది.
పక్కింటి రెడ్డెమ్మ దిష్టి తీసి మిరపకాయలు పొయ్యిలో వేస్తే
ఆ ఘాటుకు రెండు రోజులు లేవలేదు.

ఒకప్పుడు నెలకొకసారి వచ్చేది,
ముట్టుకు ముందురోజు, చెప్పి వచ్చే చుట్టంలా.
తరువాత పదిహేను రోజులకు. తరువాత వారం వారం.
తరువాత
నొప్పి లేని రోజునే గుర్తుపెట్టుకోవడం మొదలైంది.

మందులంగడి ధనశేఖరం అడక్కుండానే అట్ట చేతిలో పెడతాడు.
నొప్పికి ఒకటి.
నొప్పి వస్తుందేమోనని ఒకటి.
జూన్ నెల లారీల వరసలో, తెల్లవారి మూడింటికి,
కాఫీతో ఇంకొకటి.

చిత్తూరులో డాక్టర్ హంసవేణి
నా కళ్ళలో టార్చి కొట్టే ముందు
గదిలో ట్యూబులైటు ఆర్పింది.
అందుకే ఆమెను నమ్మాను.
"నొప్పొచ్చిన రోజుకు గీత. మాత్రకు చుక్క.
నెల తరువాత రామ్మా."

పాలకార్డు వెనక గీశాను.
అడక్కపోయినా మిగతావీ రాశాను, గుమస్తా బుద్ధి:
అన్నం మానేసిన మధ్యాహ్నం, గీత.
రాత్రి డ్యూటీ చేసిన మర్నాడు, గీత.
ఆదివారం కదా అని పదింటిదాకా పడుకుంటే, దానికీ గీతే.
వాన రాకముందటి ఉక్క.
చీటీపాట గొడవలో ఆడపడుచుతో అరుచుకున్న రోజు ఏమీ లేదు;
ఇద్దరం రాజీపడి టీ తాగిన రోజు
లేవలేకపోయాను.

గీతలు పద్దెనిమిది.
చుక్కలు నలభై ఒకటి.

ఆమె ఏమీ అనలేదు. పెన్నుతో చుక్కల మీద తట్టింది.
వారవడ్డీకి ఇచ్చేవాడు గుర్తొచ్చాడు నాకు:
ఇచ్చేటప్పుడు ఎంత చల్లగా ఇస్తాడు!
పొద్దున్నే తలుపు కొట్టేదీ వాడే.
ఇన్నాళ్ళూ కాయ అనుకుని మోసినదాంట్లో
ఎంత బండి బరువో.

"ఆపేస్తే తగ్గిపోతుందా మేడం?"
"ముందు పెరుగుతుంది. పది రోజులో, ఇంకా ఎక్కువో.
తరువాత పలచబడొచ్చు. పూర్తిగా పోతుందని చెప్పను.
నీ నరాల తీరు అది. నీ తప్పు కాదు."
నొప్పికి ఎన్నడూ ఏడవనిదాన్ని
ఆ చివరి మాటకు ఏడ్చాను.

ఆ పది రోజుల గురించి రాయను.
తడిగుడ్డ. మూసిన కిటికీ. గోడ చల్లదనం.
ఆమె రాసిచ్చిన వేరే మాత్ర, రాత్రికి ఒక్కటే.
నా బదులు కుప్పుస్వామి చీటీలు రాశాడు, అన్నీ తప్పులే.

ఇప్పుడు ఆగస్టు. మండీలో టెంకలు, ఈగలు.
కార్డు వెనక తొమ్మిది గీతలు, నాలుగు చుక్కలు.
తొమ్మిది తక్కువేమీ కాదు.
తొమ్మిది రోజులు మనిషిని కాను.

నిన్న కుప్పుస్వామి కణత నొక్కుకుంటూ వచ్చాడు,
"ఆ లైటు ఆర్పు మేయ్" అన్నాడు.
ఆర్పాను.
"మాత్ర ఉండాదా?"
డ్రాయరు లాగాను, మళ్ళీ ఆగాను.
చీకట్లోనే చీటీల పుస్తకం తడిమి తీసి
అడిగాను,
"ఈ నెల్లో ఇది ఎన్నోది?"