ఏడింటికి గోడ

బెర్గెన్‌లో వాన. ఎప్పటిలాగే.
లెఫ్సె గిన్నెడు నీళ్లు తాగేసి
ఇంకా ఏవీ అన్నట్టు చూస్తున్నాడు.

"చక్కెర జబ్బు" అంది డాక్టర్,
వాడు వింటాడేమోనన్నంత మెల్లగా.
పన్నెండు గంటలకోసారి రెండు యూనిట్లు.
అంతే కదా, అనుకున్నాను.
ఇంటికొచ్చి సిరంజి పట్టుకుంటే
ఇరవయ్యేళ్లు ఫెర్రీ తాళ్లు బిగించిన చేతులు
నావి కాకుండా పోయాయి.

రాత్రి మూడింటికి లేస్తాను.
వాడి పొట్ట లేచి పడటం లెక్కపెడతాను.
మందు ఎక్కువైందా? తక్కువైందా?
తేనె సీసా దిండు పక్కనే.
ఒక్క తుమ్ము తుమ్మాడా,
నా పై ప్రాణాలు పైనే.
వాడేమో ఒంటికన్ను తెరిచి
ఏమిటీ గోల అన్నట్టు
తోక ముక్కు మీదికి లాక్కుంటాడు.

పక్కింటి ఐవిన్‌కి డెబ్బై తొమ్మిది.
ఆయనదీ అదే జబ్బు, ముప్పయ్యేళ్లుగా.
చొక్కా ఎత్తి పొట్ట చూపించాడు:
"చూడు, ఎక్కడన్నా కారుతున్నానా?"
నేను నవ్వలేదు. ఆయనే నవ్వాడు.
"ఏడింటికి నేను పొడుచుకుని గోడ కొడతాను.
నువ్వూ పొడిచి కొట్టు."

అప్పట్నించీ
టక్ టక్.
మెడ వెనక చర్మం గుడారంలా ఎత్తి, సూది,
బొచ్చు తడిసిందేమో వేలితో చూసుకుని
టక్ టక్.

నిన్న సూది వేసి, చేప పొయ్యి మీద పెట్టి
రేడియోతో పాటు ఈల వేస్తున్నాను.
తలుపు దబదబ.
మేజోళ్లతో, కర్ర లేకుండా ఐవిన్,
ముఖాన నెత్తురు చుక్క లేదు.
"కొట్టలేదేం? పిల్లి...?"

లెఫ్సె ఆయన కాళ్ల మధ్య నుంచి
చేప వాసన వైపు నడిచిపోయాడు.

కుర్చీ లాగాను.
ఆయన చేతులు వణుకుతున్నాయి.
ఆ వణుకు నాకు బాగా తెలిసినదే.